సాయంత్రం 4.30 నుంచి 7 దాకా ఎవరిది? శివారు స్పోర్ట్స్ కాంప్లెక్సులో ఆరు క్లబ్బుల తగువు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ, తేడా ఉంటే చెప్పండి. గుంటూరు శివార్లలో అమరావతి రోడ్డు వైపు, మూడెకరాల పైచిలుకు స్థలంలో కార్పొరేషన్ కట్టిన స్పోర్ట్స్ కాంప్లెక్సు మీది. మూడు షటిల్ కోర్టులు పట్టే ఇండోర్ హాలు, బయట వాలీబాల్ కోర్టు, పగుళ్ళిచ్చిన బాస్కెట్‌బాల్ కోర్టు, మిగతాదంతా ఖాళీ గ్రౌండు, చుట్టూ వాకింగ్ ట్రాకు. షటిల్ క్లబ్బు, వాలీబాల్ జట్టు, క్రికెట్ కోచింగ్ క్యాంపు, కరాటే క్లాసు, బాల్ బ్యాడ్మింటన్ ఆడే పెద్దలు, వాకర్స్ అసోసియేషన్, అందరూ అక్కడే. రోజూ సాయంత్రం గొడవ. ఇంతలో మొత్తాన్నీ ఒక ప్రైవేటు ఏజెన్సీకి లీజుకిస్తారని మాట వినిపిస్తోంది. క్లబ్బులు నిలబడాలంటే ఏం చెయ్యాలని అడిగారు. ఒక దాత స్విమ్మింగ్ పూల్ కట్టిస్తానంటున్నారు, ఒప్పుకోవాలా వద్దా అన్నది చివరి ప్రశ్న.

నేను ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. విజయవాడ శివారులో ఇలాంటి కాంప్లెక్సుకే చాలా ఏళ్ళు ఉమ్మడి కమిటీ కార్యదర్శిగా ఉన్నాను. నా దృష్టిలో మీ కాంప్లెక్సుకి అసలైన ఆస్తి సాయంత్రం 4.30 నుంచి 7 దాకా ఉండే ఆ రెండున్నర గంటలు. బడి వదిలాక, ట్యూషన్‌కి వెళ్ళేలోపు పిల్లలకి మిగిలేది అదే. ఆ వేళ ఎవరి చేతిలో ఉంటే కాంప్లెక్సు వాళ్ళదే, బోర్డు మీద పేరు ఎవరిదైనా సరే. అందుకని ఏజెన్సీ సంగతి, కమిటీ సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు ఆరు క్లబ్బుల వాళ్ళూ ఒకచోట కూర్చుని టైమ్‌టేబుల్ రాయండి.

ఒకటి సరిపోదు, రెండు రాయాలి. డిసెంబరులో గుంటూరులో 5.40కే సూర్యుడు దిగిపోతాడు. జూన్‌లో 6.40 దాటినా వెలుతురుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఐదున్నర లోపు పిల్లల్ని గ్రౌండులోకి దింపకూడదు, ఈ మాట మీద నేను అస్సలు వెనక్కి తగ్గను. 45 డిగ్రీలు చూసిన ఊరు మనది. వేసవి రెండు నెలలూ పిల్లల ప్రాక్టీసుని పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదికి మార్చండి. అప్పుడు వాకర్స్‌తో తగువొస్తుంది కాబట్టి వాళ్ళకి ట్రాకు మొత్తం, పిల్లలకి లోపలి గ్రౌండు అని ముందే గీత గీసుకోండి.

మిగతా పది నెలల్లో 4.30 నుంచి 7 దాకా, హాల్లో గానీ బయట గానీ, 18 ఏళ్ళ లోపు వాళ్ళే ఆడాలి. ఇక్కడ షటిల్ క్లబ్బులో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. ఎక్కువ చందా కట్టేది మేమేనంటారు, ఆ మాట నిజమే కూడా. ఉద్యోగస్తులకి 7 నుంచి 9.30, వ్యాపారస్తులకీ రిటైరైన వాళ్ళకీ పొద్దున 6 నుంచి 8 ఇవ్వండి. అప్పటికీ పేచీ పెడితే, మూడింటిలో ఒక కోర్టు ఆరింటికే పెద్దలకి వదలండి. అంతకుమించి దిగొద్దు. ఒకసారి వదిలిన కోర్టు మళ్ళీ పిల్లలకి తిరిగి రావడం నేను చూడలేదు.

ఇంకో రెండు నియమాలు కూడా అందులోనే రాసేయండి. తీసుకున్న స్లాటుని ఏ క్లబ్బయినా వరుసగా రెండు వారాలు ఖాళీగా ఉంచితే అది వెయిటింగ్‌లో ఉన్న క్లబ్బుకి పోతుంది. ఆదివారం సాయంత్రం రెండు గంటలు గేటు తీసి ఉంచాలి, సభ్యత్వం లేని పిల్లలెవరైనా వచ్చి ఆడుకోవచ్చు. ఈ రెండోదాన్ని దయచేసి దానంలా చూడకండి. గోడ పక్కన నిలబడి చూసే పిల్లల్లో పరుగు, ఒడుపు ఉన్నవాళ్ళు ఎంతమందో మీకే తెలుస్తుంది. వాళ్ళు రాని క్లబ్బు రానురానూ ఫీజు కట్టగలిగిన వాళ్ళ కాలక్షేపంగా మిగులుతుంది.

ఇక క్రికెట్. అన్ని చోట్లా తగువుకి మొదలు అదే, ఎందుకంటే ఎక్కువమంది పిల్లలు, ఎక్కువ ఫీజు, ఎక్కువ జాగా అన్నీ దానివే. మీ గ్రౌండు సైజులో లెదర్ బాల్‌తో మ్యాచ్ జరుగుతుంటే ఇంకో ఆట సాగదు, ట్రాకు మీద ఎవరూ నడవకూడదు. పిచ్ పొడవు 20 మీటర్ల పైన, బౌలర్ రనప్, కీపర్ వెనక జాగా అన్నీ కలుపుకుని ఒక మూల రెండు లేన్ల నెట్స్ వేయించండి, పైన కూడా వల ఉండాలి. లెదర్ బాల్ ఆ వల దాటి బయటికి రాకూడదు. మ్యాచ్‌లు ఆదివారం పొద్దున మాత్రమే, వాకర్స్ ఏడింటికి వెళ్ళిపోయాక. ఫీల్డింగ్ ప్రాక్టీసు టెన్నిస్ బాల్‌తో చేయించుకోవచ్చు. కోచ్‌కి ఇది నచ్చకపోవచ్చు. తలకి బంతి తగిలిన పెద్దాయన్ని ఆస్పత్రికి మోసుకెళ్ళే పరిస్థితి ఒక్కసారి వచ్చిందంటే, మొత్తం క్రికెట్టే ఆపేయమంటారు. ఆ కోచ్ మేలు కోరే చెప్తున్నాను.

ఎవరైనా గ్యాలరీ కట్టిద్దామంటే వద్దనండి. విజయవాడ నడిబొడ్డున ఉన్న ఇందిరా గాంధీ మునిసిపల్ స్టేడియంలో పురుషుల అంతర్జాతీయ వన్డే ఒక్కటే జరిగింది, 2002 నవంబరు 24న వెస్టిండీస్‌తో. 2016 నవంబరులో భారత మహిళల జట్టు అదే వెస్టిండీస్‌తో ఆడిన సిరీస్‌కి వేదిక ఊరవతల మూలపాడు. గ్యాలరీ ఉందని పెద్ద ఆటలు రావు, వాటి దారి అవి చూసుకుంటాయి. మూడెకరాల శివారు కాంప్లెక్సులో గ్యాలరీకి పోయే సిమెంటు డబ్బుతో రెండు కోర్టులకి పునాది సరిగ్గా వేయొచ్చు.

పునాది మాట వచ్చింది కాబట్టి మీ బాస్కెట్‌బాల్ కోర్టు గురించి. ఫొటో చూశాను. అది కాంట్రాక్టరు సిమెంటు తగ్గించడం వల్ల వచ్చిన పగులని అందరూ అనుకుంటున్నారన్నారు. కావచ్చు, కానీ ఆ పగుళ్ళ తీరు చూస్తే నాకు కింద నల్లరేగడి కనిపిస్తోంది. ఆ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా కాంక్రీటు పోస్తే ఎంత మంచి సిమెంటు వాడినా రెండు మూడేళ్ళలో విడిపోతుంది. పైపైన పూత వేయిస్తామని ఎవరైనా వస్తే డబ్బు ఇవ్వకండి. కోర్టు కింద నల్లమట్టి తీయించాలి, గ్రావెల్‌ని పొరలు పొరలుగా పోసి, ఒక్కో పొరనీ నీళ్ళు చల్లి రోలింగ్ చేయించాలి, చుట్టూ కాలవ తవ్వి వాననీళ్ళు కోర్టు కిందికి చేరకుండా చూడాలి. ఎంత లోతు తీయాలో మట్టి పరీక్ష చేయించి ఇంజినీరుతో చెప్పించుకోండి. కోర్టు ఉపరితలం ఒకే వైపుకి నూటికి ఒకటి వాలు ఉండాలి, మధ్యలో ఎత్తు పెట్టి రెండు వైపులా వాలిస్తే బంతి తేడాగా పడుతుంది. అంత ఖర్చు ఇప్పుడు పెట్టలేమంటే, ఆ జాగాని మట్టి కోర్టుగా మార్చేసి కబడ్డీ, ఖోఖోకి ఇవ్వండి. కబడ్డీకి 13 మీటర్లు పొడవు, 10 వెడల్పు చాలు, బాస్కెట్‌బాల్ కోర్టు 28 పొడవు, 15 వెడల్పు కాబట్టి రెండు కబడ్డీ కోర్టులు పట్టేస్తాయి, చివర్లలో కాస్త చదును చేయించుకుంటే సరి. మన వైపు ఆడపిల్లలు మొదట వచ్చే ఆటలు కూడా అవే.

ఇండోర్ హాల్లో ఫ్యాన్ల గొడవ మీ దగ్గరా ఉందన్నారు. ఎక్కడా లేకుండా పోదు. ఫ్యాను వేస్తే షటిల్ గాలికి పక్కకి పోతుంది, ఆపితే మే నెలలో హాలు ఉడికిపోతుంది. నేను చూసినంతలో పనిచేసిన పద్ధతి ఇదీ: ఆట మధ్యలో ఫ్యాన్లు బందు, ప్రతి అరగంటకీ పది నిమిషాలు ఆట బందు చేసి ఫ్యాన్లూ ఎగ్జాస్టూ ఆన్. పిల్లలు నీళ్ళు తాగేదీ అప్పుడే. పైకప్పు రేకుల కింద వేడి తగ్గించే షీటు వేయిస్తే చాలా తేడా వస్తుంది, మీ దాతని అది అడగొచ్చు. షటిల్స్ కొనేటప్పుడు డబ్బా మీద స్పీడు నంబరు చూడండి. వేడి ఎక్కువైతే షటిల్ దూరం పోతుంది, అందుకని వేసవిలో 75, 76 లాంటి తక్కువ నంబరు తీసుకోవాలి, చలికాలంలో 77 సరిపోతుంది. ఎవరికి వాళ్ళు విడిగా కొనేకంటే అందరూ కలిసి ఒకే ఆర్డరు పెడితే ధర తగ్గుతుంది. ఇంకోటి, కోర్టుల వెనక గోడలు తెల్లగా ఉన్నాయి. ముదురు ఆకుపచ్చో నీలమో వేయించండి. తెల్ల షటిల్ తెల్ల గోడ మీద కనపడక పిల్లలు ఆలస్యంగా కదులుతున్నారు, కోచ్ వాళ్ళని తిడుతున్నాడు.

కిడాంబి శ్రీకాంత్ 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయినప్పటి నుంచి గుంటూరులో షటిల్ రాకెట్ పట్టుకున్న ప్రతి పిల్లాడి తల్లిదండ్రులూ ఆ పేరే చెప్తారు. సంతోషమే. ఆ స్థాయికి ఎదిగే పిల్లలు ఏదో ఒక రోజు పెద్ద అకాడమీకి వెళ్ళిపోతారు, వెళ్ళాలి కూడా. మీ క్లబ్బు పని అంతకుముందుది: ఎనిమిదేళ్ళ పిల్లకి పరుగు, నిలబడే తీరు, ఓడిపోయినా మర్నాడు రావడం అలవాటు చెయ్యడం. అది చెయ్యగల కోచ్‌కి పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) ఇచ్చే కోచింగ్ డిప్లొమా ఉంటే మంచిదే. నేనైతే దానికంటే ముందు, చేరిన పిల్లల్లో రెండో ఏడాది కూడా వస్తున్నవాళ్ళు ఎంతమందని అడుగుతాను.

కరాటే క్లాసు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. హాలు బయటి వరండా వాళ్ళకి చాలు, మ్యాట్లు వాళ్ళే తెచ్చుకుని వాళ్ళే తీసేయాలి. కానీ సర్టిఫికెట్ల విషయంలో జాగ్రత్త, ఇది కరాటేకే కాదు అన్ని ఆటలకీ. "నేషనల్స్" అని పేరు పెట్టి, తల్లిదండ్రుల దగ్గర వేలకి వేలు తీసుకుని, ఏదో ఊళ్ళో రెండు రోజులు ఆడించి పతకాలు పంచే పోటీలు చాలా ఉన్నాయి. స్పోర్ట్స్ కోటా సీటుకి పనికొచ్చేది గుర్తింపు ఉన్న ఫెడరేషన్ పోటీలు, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు. మొదటి దానికి దారి జిల్లా అసోసియేషన్, రెండో దానికి దారి పిల్లల బడిలో ఉండే పీఈటీ మాస్టారు. మీ ఆరు క్లబ్బుల్లో ఏది జిల్లా అసోసియేషన్‌లో అనుబంధంగా ఉందో, ఏది లేదో ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డులో పెట్టండి. ఇది అందరికీ కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అయినా పెట్టండి. పిల్లల రెండు మూడేళ్ళు దాని మీద ఆధారపడి ఉన్నాయి.

బాల్ బ్యాడ్మింటన్ పెద్దల కోర్టు తీసేసి పార్కింగ్ చేద్దామని ఒక ప్రతిపాదన ఉందని రాశారు. ఇది చదివి నాకు బాధేసింది. ఊలు బంతితో, జట్టుకి ఐదుగురు ఆడే ఆ ఆట కృష్ణా, గుంటూరు పల్లెల్లో ఒకప్పుడు ప్రతి హైస్కూల్లో ఉండేది. 24 మీటర్లు పొడవు, 12 వెడల్పు ఉన్న మట్టి జాగా, రెండు స్తంభాలు, ఒక వల ఉంటే చాలు. కరెంటు అక్కర్లేదు, మ్యాట్ అక్కర్లేదు. ఆ పెద్దలు ఇప్పుడు వాళ్ళలో వాళ్ళే ఆడుకుంటున్నారు కాబట్టి మిగతావాళ్ళకి బరువుగా కనిపిస్తున్నారు. వారానికి రెండు సాయంత్రాలు పన్నెండుమంది పిల్లలకి నేర్పించే బాధ్యత వాళ్ళ మీద పెట్టండి, కోర్టు వాళ్ళకే ఉంచండి. నేర్పడానికి వాళ్ళు ఎంత సంబరపడతారో చూద్దురుగాని. స్కూల్ గేమ్స్‌లో ఆ ఆట కూడా ఉంటుంది, పోటీ తక్కువ కాబట్టి కష్టపడే పిల్లకి జిల్లా జట్టులో చోటు దొరకడం సులువు.

హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచాక విలువిద్య పెట్టమని అడుగుతున్నారట. కప్పీలున్న కాంపౌండ్ విల్లుకి 50 మీటర్లు, కప్పీలు లేని రికర్వ్ విల్లుకి 70 మీటర్లు లేన్ కావాలి, దాని వెనక గోడ, రెండు పక్కలా ఎవరూ రాని కంచె కావాలి. వాకింగ్ ట్రాకు చుట్టూ ఉన్న గ్రౌండులో అది కుదరదు. ఆసక్తి ఉన్న పిల్లల్ని విజయవాడలో ఉన్న అకాడమీలకి పంపండి.

ఇప్పుడు కమిటీ. ఆరు క్లబ్బులూ కలిసి ఒక సొసైటీ రిజిస్టర్ చేయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు చాలు, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో పని అయిపోతుంది. ఏటా కమిటీ జాబితా దాఖలు చెయ్యడం మాత్రం మానకండి, చాలా సొసైటీలు అక్కడే చచ్చుబడిపోతాయి. ప్రతి క్లబ్బుకీ ఇద్దరు ప్రతినిధులు, సభ్యులు ఎంతమంది ఉన్నా ఓట్లు సమానం. ఆ ఇద్దరిలో ఒకరు ఆడవాళ్ళయితే మేలు, పిల్లల తల్లులు చాలామంది రోజూ అక్కడే గట్టు మీద కూర్చుని ఉంటారు, కాంప్లెక్సులో ఏం జరుగుతుందో అందరికంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. జీతం తీసుకునే కోచ్‌కి కమిటీలో ఓటు ఉండకూడదు. సలహాకి పిలవండి, ఓటు వద్దు. స్లాట్లు పంచేవాడూ, స్లాటు మీద బతికేవాడూ ఒకరే అయితే మిగతా క్లబ్బుల్లో నమ్మకం పోతుంది.

వాకర్స్‌ని కూడా పూర్తి క్లబ్బుగా చూడండి. వాళ్ళు ఆడరు కదా అని చిన్నచూపు చూసే కమిటీలు ఉన్నాయి. రిటైరైన ఇంజినీర్లు, ఆడిటర్లు, తహసీల్దార్లు ఉండేది వాళ్ళలోనే, కార్పొరేషన్‌కి అర్జీ ఎలా రాయాలో, ఎవరి టేబుల్ మీద ఆగిందో వాళ్ళకి తెలిసినంతగా మనకి తెలియదు. కోశాధికారి పదవి వాళ్ళకివ్వండి.

డబ్బుల్ని రెండుగా విడదీయండి. కోచింగ్ ఫీజు క్లబ్బుది. కాంప్లెక్సు రుసుము అందరిదీ. ఉదాహరణకి అన్ని క్లబ్బుల్లో కలిపి 240 మంది ఉండి, నెలకి తలా 100 రూపాయలు కడితే 24,000. అందులో మూడోవంతు, అంటే 8,000, ఎవరూ ముట్టుకోని రిపేర్ల ఖాతాలో వేస్తే ఏడాదికి 96,000, ఐదేళ్ళకి 4,80,000, వడ్డీ అదనం. షటిల్ మ్యాట్లు మార్చాల్సిన రోజున చందా పుస్తకం పట్టుకుని ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదు. లెక్క ప్రతి నెలా గేటు దగ్గర బోర్డు మీద అంటించండి. కట్టలేని పిల్లలకి రుసుము మాఫీ ఉండాలి, వాళ్ళ పేర్లు మాత్రం బోర్డు మీద రాయకండి.

ఏజెన్సీ విషయం. లీజు వద్దని ధర్నా చేసే ముందు, లీజు షరతుల్లో మీ మాట రాయించుకునే ప్రయత్నం చెయ్యండి, ఎందుకంటే కార్పొరేషన్‌కి కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం నిజంగానే భారం. టైమ్‌టేబుల్, రిజిస్ట్రేషన్ పత్రం, ఏడాది జమాఖర్చులు తీసుకుని కమిషనర్ గారిని కలవండి. నిర్వహణ మేమే చూసుకుంటామని ముందు అడగండి. కాదంటే, ఏజెన్సీ ఎవరైనా సరే 4.30 నుంచి 7 దాకా పిల్లల వేళ మారకూడదని, గంట అద్దె పెంచాలంటే ఉమ్మడి కమిటీ ఒప్పుకోవాలని, ఇప్పుడున్న ఆరు క్లబ్బులకీ స్లాటు హక్కు కొనసాగాలని ఒప్పందంలో రాయమనండి. నోటి మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు, అధికారులు బదిలీ అవుతారు.

ఇంకో షరతు, గ్రౌండుని ఫంక్షన్లకి, ఎగ్జిబిషన్లకి ఇవ్వకూడదు. ఒక్క పెళ్ళికి వచ్చే అద్దె చూసి కమిటీలు కూడా ఆశపడతాయి. షామియానా గుంజల గుంటలు, గడ్డిలో మేకులు, గాజు పెంకులు, లారీ చక్రాల గాడులు, ఆ తర్వాత నెల రోజులు పిల్లలు పాదాలకి గుచ్చుకుంటూ ఆడాలి.

చివరికి మీ దాత సంగతి. 25 మీటర్లు పొడవు, 15 వెడల్పు, సగటున 1.4 లోతు అనుకున్నా పూల్‌కి 5 లక్షల లీటర్ల పైన నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు శుభ్రంగా ఉంచడానికి ఫిల్టరు ప్లాంటు రోజూ నడవాలి, క్లోరిన్ చూసే మనిషి కావాలి, పూల్ తెరిచి ఉన్నంతసేపూ లైఫ్‌గార్డు గట్టు మీద ఉండాలి. వేసవిలో కాలనీలో తాగునీటి ట్యాంకర్లు తిరుగుతుంటే పూల్ నింపుతారా? కట్టడం ఒకరోజు ఖర్చు, నడపడం ఎప్పటికీ ఉండే ఖర్చు. ఆయన మనసు మంచిది, నొప్పించకండి, ఇంటికి వెళ్ళి కలవండి. ఆడపిల్లలకి తలుపు గడియ పడే బాత్‌రూములు, బట్టలు మార్చుకునే గది, హాలు నుంచి గేటు దాకా లైట్లు అడగండి. ఎనిమిదో తరగతి దాటిన అమ్మాయిలు సాయంత్రాలు మానేస్తున్నారని మీరు ప్రశ్నలో ఒక్క వాక్యం రాసి వదిలేశారు. చీకటి పడ్డాక ఆ గేటు దాకా ఒక్కసారి మీ అమ్మాయితో కలిసి నడవండి, ఎందుకు మానేస్తున్నారో అప్పుడు దాతకి మీరే వివరంగా చెప్పగలుగుతారు.